రెండు చార్జీల మనిషి

నాకు బదిలీ ఆర్డరు వచ్చి ఏడు నెలలైంది. ల్యాబు చార్జి అప్పగించడానికి మనిషి దొరికాడు. కానీ స్టోర్‌కీపర్ రిటైరైన రోజున "రెండ్రోజులే కదమ్మా" అంటూ మేనేజరు నా మెడకు చుట్టిన స్టోరు చార్జి అలాగే ఉంది. ఆ రెండ్రోజుల మాట తగలెయ్య! దాన్ని తీసుకునే నాథుడు లేడు. ఎవరో ఒకరు తీసుకుంటేగాని నన్ను వదలరు. నా తర్వాత చేరినవాళ్ళు మాత్రం ఉన్న ఒక్క చార్జీ అప్పగించి చక్కా పోయారు.

ఇవాళ ప్లాంటు చూడటానికి కాలేజీ పిల్లలొచ్చారు. మేనేజరు నన్నే చెప్పమన్నాడు.

"ఈ ఉప్పునీళ్ళలో లిథియం, మెగ్నీషియం కలిసుంటాయి. కరెంటు పెడితే రెండూ ఈ పొర వైపే పరిగెడతాయి. లిథియానికి ఒకటే చార్జి, దాటిపోతుంది. మెగ్నీషియానికి రెండు. దాన్ని పొర వదలదు," అన్నాను. నా గొంతు నాకే అదోలా వినిపించింది.

"మరి ఆగిపోయినదాన్ని ఏం చేస్తారు మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మేనేజరు అందుకున్నాడు.

"ఏముంది, తిప్పి మళ్ళీ అదే తొట్టిలో పోస్తాం."

పిల్లలు రాసుకుంటుంటే ఆయన నావైపు తిరిగాడు.

"అన్నట్టు, క్యాంటీన్ సూపర్‌వైజర్ మానేశాడు. ఆ చార్జి కూడా మీరే చూడండి. రెండ్రోజులే కదమ్మా."