తొంభై లీటర్ల గొంతు

పొద్దున ఐదింటికి మొగులయ్య పాలక్యాన్లు సైకిలుకు కట్టుకునే వేళకు ఆ ఇంట్లో రోజూ ఒకటే తంతు. లోపలి అర్రలో మంచం మీద కూర్చుని అతని తల్లి ఆగమ్మ ఏదో అనేది. ఆ వెంటనే వంటింటి అలమారలో ఇత్తడి గిన్నెలు గలగలమనేవి. "అత్త మాట్లాడుతుంది, గ్లాసులు వట్టుకోండ్రి" అనేది కోడలు మాణిక్యమ్మ. మనుమరాలు సక్కుబాయి ఉరికి గాజు గ్లాసులు పట్టుకునేది. ఆగమ్మ మాట అయిపోయేది. ఎవరి పనిలో వాళ్లు పడేవారు.

ఆగమ్మ గొంతు పోలేదు, దిగిపోయింది. పద్నాలుగేళ్ల పిల్లగా గౌలిపురలో ఆ ఇంటికి కాపురానికి వచ్చిన రోజే అత్త "గొంతు తగ్గించు" అంది. తగ్గించింది. మొగుడు ఇంకా తగ్గించమన్నాడు. తర్వాత మామ, బావ, ఎదురింటి పెద్దమనిషి, తలా ఒక మెట్టు దించారు. యాభై ఏళ్లు వచ్చేసరికి ఆ గొంతు మనిషి చెవికి అందే చివరి మెట్టు కూడా దిగి నేలలోకి వెళ్లింది. ఆమె ఏమంటున్నదో కాళ్ల కింద బండలకు తెలిసేది, గిన్నెలకు తెలిసేది, ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. గల్లీలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. వయసు మీదపడితే చూపు మందగించదా? అట్లాగే ఆడదానికి గొంతు దిగుతుంది. మాణిక్యమ్మ గొంతు అప్పటికే సగం మెట్లు దిగి బొంగురుపోయింది.

గిన్నెల మాటకు అర్థం చెప్పే పని మొగులయ్యది. గలగల ఆగేదాకా తల ఊపి, "అమ్మ సరే అంటుంది" అనేవాడు. పెద్ద బర్రెను అమ్మినప్పుడు అమ్మ సరే అంది. బావి పూడ్చినప్పుడు సరే అంది. పదో తరగతితో సక్కుబాయి చదువు మాన్పించినప్పుడు గిన్నెలు అరగంట మోగి రెండు కిందపడ్డాయి. అప్పుడూ సరే అనే అంది.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో అట్లా 'సరే' అనిపించుకునే వంతు కొట్టానికి వచ్చింది. బర్రెలను ఊరవతలికి తోలాక ఇంటి వెనక కొట్టం ఖాళీగా పడి ఉంది. మూడేళ్లు రేడియో కార్ఖానాలో వైర్లు అతికి, కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చిన సక్కుబాయి వంటింటి గడప మీదే గల్లీవాళ్ల రేడియోలు బాగుచేసేది. ఆమెకు ఆ కొట్టం కావాలి.

"బాపూ, కొట్టం నాకియ్యి. రేడియోల దుకాణం వెట్టుకుంట."

"ఆడివిల్ల స్క్రూడ్రైవర్ వట్టుకొని దుకాణంల కూసుంటదా? గల్లీ మొత్తం నవ్వదా?"

"గల్లీల సగం రేడియోలు నేను బాగుచేసినవే. మోగుతున్నయి గని నవ్వుతలేవు."

"లొల్లి వెట్టకు బిడ్డా. అఫ్జల్‌గంజ్ సిమెంటు సేటుకు అమ్ముతనని మాటిచ్చిన. ఐతారం కాయితం తెస్తడు. అమ్మ సరే అన్నది."

ఇల్లూ కొట్టమూ ఆగమ్మ పేరు మీదే ఉన్నాయి. కాగితం మీద ఆమె వేలిముద్ర పడాలి. వేలు ఆమెదే గాని, దాన్ని పట్టుకొని అద్దే చెయ్యి ఎప్పుడూ కొడుకుదే.

సక్కుబాయి అన్న బాలనర్సింహ ఫికర్ వేరు. చెల్లెలు చేసిచ్చిన ఆంప్లిఫయర్ ఉంది, రికార్డు ప్లేయరుంది, రెండు చిన్న స్పీకర్లున్నాయి. కాని ఛత్రినాకలో దోస్తు బాబురావు ఇంట్లో పాట పెడితే కడుపులో డప్పు కొట్టినట్టుంటుంది. ఇక్కడ పెడితే సీసాలో ఈగ తిరిగినట్టుంటుంది. బోనాలు దగ్గరికొస్తున్నాయి. ఇజ్జత్ సవాలు. జుమ్మెరాత్ బజార్‌లో, మూతపడ్డ టూరింగ్ టాకీసు తాలూకు వూఫర్, లోతు శబ్దాలు పలికే పెద్ద స్పీకరు, ఒకటి పట్టుకొచ్చాడు. అన్నం పళ్లెమంత ఉంది. దానికి ఇప్పుడు బాస్ డబ్బా కట్టాలి.

"డబ్బా ఎంత పెద్దగుంటే గంత దమ్ము" అన్నాడు బాబురావు.

"పుస్తకంల డబ్బా లోపలి జాగ తొంభై లీటర్లని ఉన్నది, బాబురావన్నా" అంది సక్కుబాయి. "తక్కువైతే గొంతు వట్టుకుంటది, ఎక్కువైతే పొర్లుతది."

"చెల్లె, నువ్వు చాయ్ వెట్టు."

చాయ్ పెట్టలేదు. అయినా తొంభై అన్న మాట మాత్రం వాళ్ల చెవిలో పడింది. పాలవాళ్ల ఇంట్లో లీటరు కొలతకేం కొదవ? చెక్కలు బిగించి, మొగులయ్య పాలు పోసే లీటరు కొలతతో తొంభైసార్లు తవుడు పోసి, తవుడు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడికి రంపంతో కోసి మూత వేశారు. పాట పెట్టారు. డబ్బా దగ్గింది. మూతి మీద దిండు అదిమినట్టు ఒక మూలుగు వచ్చి ఆగింది. బాబురావు వూఫర్‌ను తిట్టాడు, టాకీసును తిట్టాడు, కరెంటును తిట్టాడు.

సక్కుబాయి బాపు కొలత తీసుకొని లోపల చెయ్యి పెట్టి చూసింది. అడుగు పైకి ఉబ్బి ఉంది. నాయినమ్మ పాలమ్మిన రోజుల నాటి ఇత్తడి లీటరు మంచం కింద నుంచి తీసి, నిండా నీళ్లు పట్టి, బాపు కొలతలో పోసింది. అది నిండింది. ఇత్తడి లీటరులో రెండు గుక్కల నీళ్లు ఇంకా మిగిలాయి.

"బాపూ, నీ తొంభై లీటర్లు డెబ్బై ఎనిమిదే."

"సొట్ట వడ్డది" అన్నాడు మొగులయ్య గోడవైపు చూస్తూ. "సైకిల్ మీదికెళ్లి వడ్డది."

"ఇర్వై ఏండ్లసంది గదే సొట్టనా?" అంది మాణిక్యమ్మ. గౌలిపుర ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. అర్రలోంచి ఆగమ్మ కూడా ఏదో అంది. గిన్నెలు సంబరంగా మోగాయి. ఆ ఒక్కసారి మొగులయ్య అర్థం చెప్పలేదు.

"చెల్లె, నువ్వే కట్టు" అన్నాడు బాలనర్సింహ, తల గోక్కుంటూ.

ఆమె కొట్టంలోనే కట్టింది. బర్రెలు మేత మేసే గాడికి వేసిన మందపాటి పలకలు ఊడదీసి చిత్రిక పట్టింది. ఇత్తడి లీటరుతో సరిగ్గా తొంభై కొలిచింది. అడుగు ఊడిన పాలక్యానును గొట్టంలా డబ్బా ముందు బిగించింది. సందుల్లో రంపపు పొట్టు, జిగురు కలిపి మెత్తింది. అగరొత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పుతూ, పొగ ఎక్కడ వణికితే అక్కడ మళ్లీ మెత్తింది. శనివారం సాయంత్రానికి డబ్బాను ముందు గదిలోకి చేర్చి పాట పెడితే బండలు పాడాయి. బాలనర్సింహ నడుము తిప్పాడు. బాబురావు "మస్తుంది" అని మాత్రం అని, తానే లేచి అందరికీ చాయ్ పెట్టాడు.

ఐతారం సేటు కాగితంతో వచ్చాడు. పాట హోరుగా సాగుతోంది. నడుంనొప్పికి హాయిగా ఉందని ఆగమ్మ డబ్బాకు వీపు ఆనించి కూర్చుంది. మొగులయ్య సిరా పట్టీ తీసి తల్లి బొటనవేలు పట్టుకున్నాడు. సక్కుబాయి తన చేతుల మీది జిగురు మరకలు చూస్తూ నిలబడింది. కొట్టం ఇక లేనట్టే.

కరెంటు పోయింది. పాట సగంలో తెగింది. ఆ నిశ్శబ్దంలో ఆగమ్మ పెదవులు కదిలాయి. అలవాటుగా సక్కుబాయి గ్లాసుల వైపు ఉరకబోయింది. గిన్నెలు కదల్లేదు. పాలక్యాను మూతిలోంచి, దూరాన ఉరిమినట్టు, తాపీగా మాటలు వచ్చాయి.

"ఓరి మొగులూ. నేనెన్నడు సరే అన్నరా?"

మొగులయ్య బల్బు వైపు చూశాడు. "కరెంటు లేదు గదనే అమ్మా..."

"మాట్లాడనీకి నాకు కరెంటెందుకురా? బర్రెను అమ్మకన్న. బాయి పూడ్వకన్న. పొల్లను సదివియ్యిమని గిన్నెలు కిందవడేటట్టు చెప్పిన. కొట్టం సక్కుది. నా ఏలు ఇడువు. గా సొట్ట కొలత కూడ పారెయ్యి. సేటూ, చాయ్ తాగి పో."

సేటు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "మాజీ నై బోల్‌రే, మొగులయ్యా. అమ్మే వద్దంటే ఖతం" అన్నాడు. బాబురావు తెచ్చిన చాయ్ తాగి, సాసరు కడిగినంత శుభ్రంగా పెట్టి వెళ్లిపోయాడు.

కొట్టం సక్కుబాయికని రాసిన కాగితం మీద ఆగమ్మ మర్నాడు తన వేలు తానే అద్దింది. మరో వారానికి అక్కడ దుకాణం తెరిచారు. గౌలిపురలో పాలు నిండు లీటరుకు పెరిగి, పిల్లిపిల్లలు కూడా బలిశాయి.

దుకాణం తెరిచిన రోజు మొగులయ్య పీట మీద కూర్చొని, తల ఎత్తకుండానే, "ఇంకో రొట్టె" అన్నాడు.

మాణిక్యమ్మ వంటింట్లోంచి వచ్చింది. పోయి బాస్ డబ్బాకు వీపు ఆనించి, కాళ్లు చాపి, హాయిగా కూర్చుంది.

"పొయ్యి కాడున్నయి. లేసి తెచ్చుకో" అంది.

డబ్బాలోంచి ఉరిమిన ఆ మాట అంత దూరాన ఛత్రినాకలో బాబురావు పెళ్లాం విని, చేతిలో పిండి దులుపుకుని, తానూ పీట వేసుకుని కూర్చుందట.