శనివారం రొట్టె

"ఇంత మెత్తటి రొట్టి ఇంట్లో ఎవులు సేత్తారమ్మా? మావోడే బేకరీ నుంచి తెత్తాడు."

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ రత్నమణి ఇదే మాట చెప్పేది. వంటగదిలో మోచేతుల దాకా మైదా పూసుకుని నిలబడ్డ కోడలు దీనాకి ఆ మాట స్పష్టంగా వినబడేది. విననట్టే పిండి మర్దించుకునేది, పాపం.

వయసులో ఉండగా చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాల్చిన మనిషి రత్నమణి. దేవుణ్ణి నమ్ముకున్నాక చుట్ట మానేసింది గానీ, అంగిట్లో పుండు లేచింది. క్యాన్సరని ఆస్పత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాక మెత్తటి అన్నం కూడా ముళ్లలా గుచ్చుకునేది. దీనా ఏవేవో చేసి చూసింది. చివరికి గోరువెచ్చటి పాలల్లో ఈస్టు పొంగించి, మైదాలో క్రీమ్ చీజ్ కలిపి, చేతికి అంటకుండా వచ్చేదాకా మర్దించి కాల్చిన రొట్టె ఒక్కటే ఆవిడ గొంతు దిగింది. అలా ఏడాదిన్నర. వారమంతా మధురవాడ స్కూల్లో పాఠాలు చెప్పడం, శనివారం రొట్టె కాల్చడం. మెత్తటి నడిమి ముక్కలు అత్తగారికీ, వచ్చినవాళ్లకీ. ఎండు అంచులు దీనాకి. ఫ్రిజ్‌లో క్రీమ్ చీజ్ డబ్బా చూసి, మా అమ్మకి ఈ దొరల తిండేటని మొగుడు జ్ఞానశేఖర్ ఒకసారి విసుక్కున్నాడు. ఆ రొట్టె కోసం అతగాడు పడిన శ్రమల్లా అదే.

ఉండబట్టలేక దీనా ఓ రోజు అడిగింది, ఎందుకలా చెప్తారత్తమ్మా అని.

"కొడుకు ఏటీ తేడని తెలిత్తే నా బతుకేటైపోతాదే? నీకూ నాకూ తెలుసు గదా, సాల్దా?" అంది రత్నమణి.

ఆ మాటకి కోపం రావాలి. దీనాకి ఏడుపొచ్చింది. ఏం చేస్తాం, ఆ ముసలావిడంటే ఆమెకి ప్రేమే మరి.

రత్నమణి పోయిన పదకొండో రోజున ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాటలయ్యాక జ్ఞానశేఖర్ లేచి సాక్ష్యం చెప్పాడు. పోర్టులో డ్యూటీ చేసి ఎంత అలిసిపోయినా అమ్మకి ప్రతి శనివారం రొట్టె తెచ్చేవాణ్ణని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. సంఘమంతా తలలూపింది. వెనక వరసలో టీ గ్లాసుల దగ్గర కూర్చున్న దీనా అతని మొహంలోకి చూసింది. ఆ కన్నీళ్లు నిజమైనవే. తల్లి అన్నాళ్లూ అన్న మాటని నిజంగానే నమ్మేశాడు మహానుభావుడు.

నమ్మాడు కాబట్టే, అమ్మకిష్టమని ఆ పూట టీలోకి బేకరీ రొట్టెలు తెప్పించాడు. రత్నమణి పక్కన కూర్చుని వారం వారం ఆ రొట్టె తిన్న రాణి పిన్ని ఒక ముక్క కొరికి, నమలలేక చేతిలోకి తీసుకుంది.

"ఇది ఆ రొట్టి కాదు బాబూ. అదెక్కడిది?"

గదిలో అందరూ అతనికేసి చూశారు. అతను దీనాకేసి చూశాడు. పెళ్లయిన పదిహేనేళ్లుగా ఆ చూపుకి ఆమె ఏదో ఒకటి సర్ది చెబుతూనే వచ్చింది.

"బేకరీవోడు మార్సేసినట్టున్నాడు. కదా, దీనా?"

ఔనంటే అయిపోతుంది. అందరూ టీ తాగి వెళ్లిపోతారు. నీకూ నాకూ తెలుసు, చాలదా అన్న మనిషి ఇప్పుడు లేదు. తెలిసినవాళ్లలో మిగిలింది తనొక్కతే. అలా అనుకోగానే అత్తగారు చచ్చిపోయిందని దీనాకి మళ్లీ కొత్తగా తెలిసినట్టయింది. లేచి నిలబడింది.

"అది బేకరీది కాదు పిన్నీ. నాను సేసేదాన్ని," అంది. "ఎలాగుంటాదని మాత్రం నన్నడక్కు. ఈ ఏడాదిన్నరలో నడిమి ముక్క నాను ఒక్కటీ తిన్లేదు."