ఊయలగుండు కింద

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. చలికాలం చివర తుంగభద్రలో నీళ్లు తగ్గాక, సోమక్క బిడ్డను చంకనేసుకుని మొగుడు మహానంది వెంట ఏరు దాటించే తోలు పుట్టి ఎక్కింది. బిడ్డ సుంకమ్మకు మూడేళ్లు. పట్టుకుంటే నిలబడుతుంది గానీ ఇంకా అడుగు వేయలేదు.

ఏటి నడుమ తిప్ప మీద ఊయలగుండు ఉంది. గుడిసెంత బండ, రెండు చిన్న రాళ్ల మీద ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేటట్టు నిలబడి ఉంటుంది. నడక రాని బిడ్డను తల్లి దాని కింద దించి చేయి వదలాలి. అవతల తండ్రి పిలవాలి. బిడ్డ తానుగా దాటితే కాళ్లు వచ్చినట్టేనని అక్కడి నమ్మకం.

“తాతా, ఆ గుండు ఎప్పుడన్నా పడిందా?” అని అడిగింది సోమక్క.

తెడ్డు వేస్తున్న ఉరుకుందప్ప నవ్వాడు. “పడింటే ఈపొద్దు యాడికి పోతాండావమ్మా?”

“ఇన్నేండ్లు పడలేదంటే, ఇంగ పడే పొద్దు దగ్గరికొచ్చినట్టే గదా.”

“ఇంట్లో దూలాన్ని చూసినా ఇదే మాట,” అన్నాడు మహానంది. “బిడ్డను దించితే తేలు కుడతాదంటాది. దించకుండా, కాళ్లు రాలేదని ఏడుస్తాది.”

సుంకమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది దాటి బతకలేదు. పుట్టి గిర్రున తిరిగినప్పుడల్లా సోమక్క బిడ్డను ఇంకా గట్టిగా అదుముకుంది.

తిప్ప మీద మహానంది గుండు అవతలికి పోయి గొంతుక్కూర్చున్నాడు. సోమక్క వంగి కిందికి దూరింది. బిడ్డను దించింది గానీ చేయి వదలలేకపోయింది. సుంకమ్మ తల్లి కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది.

“వదులే. నువ్వు వదిల్తే గదా అది వచ్చేది,” అన్నాడు మహానంది.

అప్పుడే పైనుంచి ఇంత మట్టి రాలి సోమక్క మెడ మీద పడింది. ఏ తొండో పరిగెత్తి ఉంటుంది. ఆమెకు మాత్రం గుండు కదిలినట్టే తోచింది. రెండు చేతులూ పైకెత్తి బండకు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి మోసింది.

“పో సుంకీ, మీ నాయన కాడికి పో. నేను పట్టుకోనుండా. పో తల్లీ.”

ఎత్తుకోమని సుంకమ్మ చేతులు చాచింది. తల్లి చేతులు కిందికి రాలేదు. బిడ్డ కాసేపు చూసి, పక్క రాయిని తడుముకుంటూ ఒక అడుగు వేసింది. నిలిచింది. మళ్లీ వేసింది. నాలుగో అడుగుకు తండ్రి ఒళ్లో పడింది.

“వచ్చిందే సోమీ, నడిచే వచ్చింది. ఇంగ నువ్వు రా,” అన్నాడు మహానంది.

సోమక్క కదలలేదు. చేతులు బండకే ఆనించి ఉన్నాయి.

“దాన్ని ఇంగొంచెం దూరం తీస్కపో. అప్పుడొస్తా.”

“ఎత్తుకోని పోదునా?”

బండ వైపే చూస్తూ సోమక్క ఆలోచించింది.

“వద్దులే,” అంది. “నడిపిచ్చు.”