పదికి ఎనిమిది

పదికి ఎనిమిది మార్కులొస్తే ఏ బడిలోనైనా పిల్లాడి వీపు తడతారు. మా విహార నౌకలో ఆ ఎనిమిదికి ఒక మనిషిని నిలబెట్టి తిట్టారు. తిట్టింది కంపెనీ కాదు, మేమే.

ఆ ఓడ మూడో అంతస్తులో బొమ్మలూ అత్తర్లూ అమ్మే కొట్టు నాది. నాది అనడమే గానీ సరుకు కంపెనీది, నాకు దక్కేది కమిషన్. అందుకే అంతా నన్ను వెటకారంగా షావుకారూ అని పిలుస్తారు. దిగిపోయే ముందు ప్రయాణికులు అంతస్తుకి మార్కులు వేస్తారు. ఏ ఒక్కరిదైనా తొమ్మిదికి తగ్గిందా, ఆ అంతస్తులో పనిచేసే అందరి టిప్పులూ కోత. ఈ సంగతి ప్రయాణికులకు తెలియదు. ఎనిమిది వేసిన ముసలాయన, గదులు శుభ్రం చేసే అక్క పని మెచ్చుకునే వేసి వెళ్లాడు.

ఆ సాయంత్రం సిబ్బంది మెస్‌లో వంటవాడు గరిటెతో బల్ల మీద కొట్టాడు.

"మహాతల్లీ! నీ పుణ్యమా అని ఈ నెల మా ఇంట్లో పొయ్యి వెలగదు!"

"దుప్పటి నిండా ముడతలే ఉండుంటాయి. కళ్లెక్కడ పెట్టుకుని పరిచావ్?" అన్నాడు వడ్డించేవాడు.

నేనూ ఊరుకోలేదు. "నీ బద్ధకానికి మా జేబులు కోసుకోవాలా?" అన్నాను.

"తప్పయింది తమ్ముళ్లూ, కడుపులో పెట్టుకోండి," అంది అక్క. రబ్బరు తొడుగు తీయకుండానే తింటోంది. ఎందుకు తీయలేదని ఒక్కడూ అడగలేదు.

మర్నాడు పొద్దున అక్క మెస్ గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయింది. లాండ్రీ పిన్ని ఆ తొడుగు లాగింది. గాజు ముక్కకి తెగిన అరచెయ్యి వాచి, చీము పట్టి ఉంది.

"డాక్టరుకి చూపించుకోవే పిచ్చిదానా!"

"చూపిస్తే పనికిరానని దింపేస్తారు పిన్నీ. దిగిన రోజు నుంచి జీతం ఉండదు. పిల్లల ఫీజులు ఎవరు కడతారు?"

వంటవాడు గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. చేతికివ్వడానికి మొహం చెల్లక బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

కబురు సూపర్‌వైజర్‌కి చేరనే చేరింది. "ఈ రేవులోనే దింపేస్తాం. సామాను సర్దుకో," అని చెప్పి వెళ్లాడు.

"నిన్న నోళ్లు బానే లేచాయిగా," అంది పిన్ని మా వైపు తిరిగి. "ఇవాళ పైవాళ్ల మీద లేపండి చూద్దాం."

"మనల్నీ దింపేస్తారు పిన్నీ," అన్నాడు వడ్డించేవాడు.

అప్పుడు నేను నోరు విప్పాను. "ఒక్కరిని దింపితే వాళ్లకి మిగులు. అందరినీ దింపితే ఓడ కదలదు. ప్రాణరక్షణ పడవల దగ్గర మనుషులు లేని ఓడని రేవు అధికారులు వదలరు. మన ఖరీదు తక్కువ కట్టుకున్నది మనమే."

"ఇన్ని లెక్కలొచ్చినవాడివి, నిన్న అక్క లెక్క తప్పెందుకు కట్టావ్ షావుకారూ?" అన్నాడు వంటవాడు.

 

మధ్యాహ్నం డ్రిల్. సిబ్బంది అంతా లైఫ్ జాకెట్లు కట్టుకుని పడవల ముందు నిలబడాలి. మమ్మల్నందరినీ ఒక్కచోట చేర్చే పని కంపెనీ చేసేది అప్పుడొక్కటే. డ్రిల్ అయిపోయిందని ఈల వేశారు.

"జాకెట్లు విప్పి పనుల్లోకి వెళ్లండి!" అన్నాడు అధికారి.

ఎవరూ విప్పలేదు.

"అక్కకి వైద్యం ఓడదే. చెయ్యి మానేదాకా పూర్తి జీతం ఇవ్వాలి. మార్కుల కోత ఎత్తేయాలి," అంది పిన్ని.

"విప్పనివాళ్లని ఇక్కడే దింపేస్తాం!"

"అంత మాటన్నాక ఆలస్యమెందుకు?" అంటూ వంటవాడు దిగుడు మెట్ల వైపు నడిచాడు. వెనక వడ్డించేవాళ్లు, లాండ్రీవాళ్లు, ఇంజన్ గదివాళ్లు కదిలారు. కొట్టు తాళంచెవి జేబులో వేసుకుని నేనూ వరసలో కలిశాను.

మెట్ల దగ్గర అక్క సంచితో నిలబడి ఉంది.

"జరుగక్కా, ముందు మేం దిగాలి," అన్నాడు వంటవాడు.

"చెయ్యికేమైందక్కా అని నిన్న ఒక్క మాట అడగలేకపోయారా?" అంది అక్క. మా ఎవరి మొహమూ చూడలేదు.

కింద రేవులోకి కంపెనీ పిలిపించిన రెండు పోలీసు వ్యాన్లు వచ్చి ఆగాయి. అక్క సంచి కింద పెట్టి జాకెట్ అడిగి తీసుకుంది. ఒంటి చేత్తో తాడు కట్టుకోలేకపోతుంటే వంటవాడు సాయం రాబోయాడు.

"నువ్వొద్దు."

పిన్ని చేత కట్టించుకుని, అందరికన్నా ముందు వెళ్లి నిలబడింది. ఆమె వెనక మేం. తలెత్తడానికి మొహాలు లేవు మాకు. అడుగు మాత్రం ఒక్కరమూ వెనక్కి వేయలేదు.