అంద్రెయ మాస్టారి ఆలస్యం

తెనాలిలో ఫ్లోరెన్స్ రోజూ కాఫీ తాగాక మొదట చేసే పని బల్ల కింద ఊడవడం. బల్ల మీద సీక్వెన్సర్ ఉంటుంది. చూడ్డానికి పాత టేప్ రికార్డరంత పెట్టె, ఒంటినిండా బటన్లు. దానికి సొంత గొంతు లేదు. పక్కనున్న కీబోర్డు మీద ఎవరు ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో గుర్తుపెట్టుకుని, అదే కీబోర్డు చేత అచ్చం అలాగే మళ్ళీ వాయిస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలకీ పెళ్ళిళ్ళకీ ఫ్లోరెన్స్ దాని మీదే పాటలు కట్టి ఇస్తుంది.

ఎంత వాయించేవాళ్ళకైనా చెయ్యి తాళానికి కాస్త అటూ ఇటూ పడుతుంది కదా, దాన్ని సరిచేసే బటన్ ఒకటుంది. క్వాంటైజ్ అంటారు. అది నొక్కితే వెనకబడిన స్వరాలన్నీ బుద్ధిగా తాళం మీదకి వచ్చి కూర్చుంటాయి. వాటి నుంచి తీసేసిన ఆలస్యం మాత్రం పెట్టె అడుగునుంచి సన్నటి నూకలా రాలుతుంది. ఫ్లోరెన్స్ దాన్ని చేటలోకి ఎత్తి డబ్బాలో పోస్తుంది. పారబోయడానికి మనసొప్పదు, పైగా అడిగేవాళ్ళున్నారు. పై వాటాలో ఉండే లలితాంబగారు కాస్త పట్టుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టుకుంటారు. పాలు పొంగబోతుంటే చిటికెడు చల్లి ఆవిడ వీధి గుమ్మందాకా వెళ్ళి కూరలు బేరమాడి వస్తారు. అందాకా పాలు గిన్నె అంచున ఆగుతాయి. ఆటో వెంకటైతే రైల్వే గేటు పడబోతుంటే చల్లుకుంటాడు.

"మొన్నటిది భలే పనిచేసిందక్కా, ఎవరిదది?" అని అడిగాడొకసారి.

"పెళ్ళి బ్యాండు వాళ్ళది."

"అదీ సంగతి! గేటు చాలాసేపు ఆగింది."

అంద్రెయ మాస్టారు రేపల్లె నుంచి ఆమెని వెతుక్కుంటూ వచ్చింది ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల మొదట్లో. రేపల్లె చర్చిలో ఆయన క్వయర్ మాస్టారు. ఆ ఊళ్ళో ఇప్పుడు తాతలైనవాళ్ళు కూడా ఆయన హార్మోనియం పక్కన నిలబడి పాట నేర్చుకున్నవాళ్ళే. అంతటి మనిషి కుర్చీ అంచున కూర్చుని, అరచేతులు తొడల కింద దాచుకున్నారు.

"వేళ్ళు మాట వినడం లేదమ్మా. పాటకి వెనకబడుతున్నానట. కమిటీ సెక్రటరీ రమేష్ బాబు పిలిచి మర్యాదగానే చెప్పాడు, ఈస్టరు దాకా చూస్తారట. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే కుర్రాణ్ణి పెట్టుకుంటారట. నా పాటలు ఈ పెట్టెలోకి ఎక్కించి, ఆ ఆలస్యం ఎవరికీ తెలియకుండా చెయ్యి. అది వాయిస్తుంటే పక్కన కూర్చుంటాను. ఆ చోటు కూడా పోతే ఇంక నేనెందుకమ్మా?"

ఫ్లోరెన్స్‌కి మాటలతో ఓదార్చడం చేతకాదు, అందుకని పనిలోకి దిగింది.

"ముందు వేగం తగ్గిద్దాం మాస్టారూ. తీరిగ్గా వాయించండి, తర్వాత పెంచుకోవచ్చు. శ్రుతేం మారదు. కుడిచెయ్యి ఒక ట్రాకులో, ఎడమచెయ్యి ఇంకో ట్రాకులో వేద్దాం. ఒకచోట తప్పు పడితే అదొక్కటే మళ్ళీ వాయిస్తే సరిపోతుంది. పల్లవి ఒక్కసారి చాలు, వచ్చినప్పుడల్లా పెట్టే వేసుకుంటుంది."

"డ్రమ్ములో?"

"అవి నేనేస్తాను. అన్ని దెబ్బలూ ఒకే బరువుతో వేస్తే పిండిమర ఆడినట్టుంటుంది. కొన్ని గట్టిగా, కొన్ని తేలిగ్గా వెయ్యాలి."

మాస్టారు ఒక చరణం వాయించేవారు, వేళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకునేవారు, మళ్ళీ వాయించేవారు. అలా వస్తూ పోతూ శ్రమదినాలు దాదాపు గడిచిపోయాయి. చివరి పాట పూర్తయ్యేసరికి ఆయన వేళ్ళు వాచిపోయి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయారు.

నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఫ్లోరెన్స్ ఒక మాట చెప్తుంది. సరిచేసే ముందు అసలుది వేరే చోట దాచుకోండి అని. ఊరందరికీ చెప్పే ఆ మాట చివరి పాట పూర్తయిన ఆ మధ్యాహ్నం ఆమే మర్చిపోయింది. ట్యూబులైటు కొట్టుకుంటోంది, కరెంటు పోతుందేమోనని భయం. గబగబా పాటలన్నిటినీ పూర్తిగా సరిచేసి, పాతవాటి మీదే సేవ్ చేసేసింది. అనుకున్నట్టే కరెంటు పోయింది. మాస్టారు వాయించిన తీరు అందులో ఇంకెక్కడా మిగల్లేదు. బల్ల కింద మాత్రం ఎన్నడూ లేనంత నూక పోగుపడింది. చేట చాలక సంచి తెచ్చింది. లలితాంబగారు తన వంతు గిన్నెడు పట్టుకెళ్ళారు.

ఈస్టరు ముందు రోజు పొద్దున రేపల్లె చర్చిలో రిహార్సల్, ఫ్లోరెన్స్ పెట్టె పట్టుకుని వెళ్ళింది. పెట్టె ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించింది. పాడేవాళ్ళే చెల్లాచెదురైపోయారు. వీళ్ళు మొదటి వరస ముగించేలోపు పెట్టె రెండో వరస సగంలో ఉంది. ముందు బెంచీలో కూర్చునే రిబ్కమ్మ, సంఘంలోకెల్లా పెద్దావిడ, పుస్తకం మూసేసింది.

"ఏంటమ్మా ఇది, ఊపిరైనా పీల్చుకోనివ్వదా?"

ఆ చర్చిలో ఒక అలవాటుంది. ప్రతి వరస చివరా రిబ్కమ్మ ఆఖరి అక్షరాన్ని తనివితీరా సాగదీసి, ఊపిరి పీల్చుకున్నాకే మిగతావాళ్ళు తర్వాతి వరస అందుకుంటారు. ఇన్నేళ్ళుగా అంద్రెయ మాస్టారు హార్మోనియం మీదనుంచి ఆవిడ భుజాలకేసి చూస్తూనే వాయించారు. ఆవిడ వయసు పెరిగేకొద్దీ ఆ సాగదీయడమూ పెరిగింది, ఆయన ఆగడమూ పెరిగి, ఆవిడ ఎదురుగా లేకపోయినా వేళ్ళు ఆగేటంత అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళకి అది వేళ్ళ తప్పులా వినపడింది. చివరికి ఆయన కూడా నమ్మేశారు.

"మాస్టారూ, మీరు వెనకబడలేదండీ! వీళ్ళకోసం ఆగుతున్నారు, అంతే!" అంటూ ఫ్లోరెన్స్ గిరుక్కున తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. పెట్టె కూడా తనని కాపాడలేకపోయిందనుకుని, ఆయన ఎవరికీ చెప్పకుండా బాపట్లలో కూతురింటికి బస్సెక్కేశారు.

ఫోను చేస్తే కూతురు లిడియా ఎత్తింది. "నాన్న రేపు రారట అక్కా. ఫోను ఇస్తుంటే చేతిలోకి కూడా తీసుకోవడం లేదు."

రమేష్ బాబు చెడ్డవాడేం కాదు. "రేపు ఆరాధన చివర్లో కొత్త కుర్రాడి సంగతి చెప్పేస్తానండి. సంఘం పాడుకోవాలి కదా," అన్నాడు బాధగానే.

ఫ్లోరెన్స్ పెట్టెతో తెనాలి వచ్చి దాని ముందు కూర్చుంది. ప్రతి వరస చివరా ఒక ఖాళీ అక్షరకాలం చేర్చి చూసింది. ఎక్కేవాళ్ళు లేని స్టాపులో కూడా బస్సు ఆగినట్టుంది వ్యవహారం. మనిషి ఆగడం అలా ఉండదు, ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉంటుంది. అందుకని సంచి విప్పింది. సంగతి తెలిసి లలితాంబగారు గిన్నె తెచ్చి అందులోకి వొంపేశారు.

"చిటికెడు కూడా వాడలేదే తల్లీ. పాలు పొంగితే పొంగనీ, ఆయన ఆలస్యం ఆయనకిచ్చెయ్యి."

పాట నడుస్తుంటే రికార్డు బటన్ నొక్కి, ఫ్లోరెన్స్ గుప్పెడు గుప్పెడు బటన్ల మీద పోసింది. పెట్టె అంతా లోపలికి తీసుకుంది. ఏ గింజ ఏ స్వరానిదో గింజలకే తెలుసు. దీపాలు పెట్టే వేళకి సంచి ఖాళీ అయింది.

ఈస్టరు ఆరాధనలో పెట్టె వరస చివర ఆగింది. రిబ్కమ్మ సాగదీసింది, ఊపిరి పీల్చుకుంది, అప్పుడు పెట్టె కదిలింది. జనం మొహాలు విచ్చుకున్నాయి. చరణం తర్వాత చరణం అలాగే సాగింది. ఇక ఒక్క వరస మిగిలిందనగా పెట్టె మళ్ళీ ఆగింది. రిబ్కమ్మ ఊపిరి పీల్చుకుంది. అందరూ పీల్చుకున్నారు. పెట్టె కదల్లేదు. దాని మీది ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. చెడిపోలేదు, ఎదురుచూస్తోంది. ఎవరూ కంగారుపడలేదు. ఒకామె పిల్లవాడికి మంచినీళ్ళు తాగించింది. రిబ్కమ్మ మెల్లగా వెనక్కి తిరిగి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ తలుపుదాకా వెళ్ళింది.

తలుపు బయట మెట్ల మీద అంద్రెయ మాస్టారు నిలబడి ఉన్నారు. ఆదివారం పూట బాపట్లలో కాలు నిలవక, బయటినుంచే విని వెళ్ళిపోదామని తొలి బస్సుకి వచ్చారు. తన గొంతు లోపలికి వినపడకూడదని పెదవులు బిగించుకున్నారు.

"ఏంటయ్యా అంద్రెయా, ఊపిరి బిగబట్టుకుని నుంచున్నావు?" అంది రిబ్కమ్మ. "మేమందరం పీల్చుకున్నాం. ఇంక నువ్వొక్కడివే మిగిలావు."

ఆయన నోరు తెరిచారు. ఊపిరి కాస్తా ఏడుపై వచ్చింది. ఆ క్షణానే పెట్టె ఆఖరి వరస అందుకుంది, సంఘమంతా దానితోపాటు అందుకుంది.

పాట అయ్యాక రమేష్ బాబు ప్రకటనలకి లేచాడు. సండే స్కూలు సంగతి చెప్పాడు, మధ్యాహ్నం భోజనాల సంగతి చెప్పాడు. తర్వాత చెప్పాల్సిన మాట చెప్పకుండా తలుపుదాకా నడిచి, మాస్టారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పెట్టె పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"వచ్చే ఆదివారం ఏం పాటలు పాడదాం మాస్టారూ?"

అంద్రెయ మాస్టారు పాటల పుస్తకం అందుకుని, వాచిన వేళ్ళతో ఒక్కో పేజీ తిప్పసాగారు. ఎవరూ తొందరపెట్టలేదు.