బాపట్ల వెళ్ళిన పచ్చముక్కలు

డిసెంబరు పదో తారీఖు దాటిందంటే రేపల్లెలో దానమ్మగారి పెరట్లో బొప్పాయి కాయలకి పండే యోగం ఉండదు. గట్టిగా, పచ్చిగా ఉండగానే కోసేస్తారు. చెక్కు తీసి, శనగగింజంత ముక్కలు తరిగి, సున్నపు తేటలో ఓ పూట నానేసి, కడిగి, ఉడికించి, మూడు గిన్నెల్లో మూడు రంగులు కలుపుతారు. మూడు రోజులపాటు రోజుకోసారి పంచదార పాకంలో తిప్పి, ఆఖర్న వసారాలో నులకమంచం మీద పాత పంచె పరిచి ఆరబెడతారు. క్రిస్మస్ కేకులో పడేవి సగం, కేకు దాకా ఆగలేని వాళ్ళ నోట్లో పడేవి సగం. తెనాలి బేకరీల్లో టూటీ ఫ్రూటీ అని సీసాల్లో పోసి అమ్మేదీ ఇదే గానీ, దానమ్మగారు దాన్ని తిండి కింద జమ వెయ్యరు.

1986లో ఆవిడ చర్చి మెట్ల మీద జారి కుడిచేతికి కట్టు కట్టించుకున్నారు. గరిటె తమ్ముడి చేతికొచ్చింది. తమ్ముడు దేవదానం, హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే, "నాతో కాపరం నాకే కష్టంగా ఉందండి, ఇంకొకరిని ఏం మొహం పెట్టుకుని రమ్మంటాను" అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వాక మళ్ళీ అడగరు కదా, అతనికి కావలసిందీ అదే.

ముక్కలన్నీ సమంగా రావాలని స్కేలు పెట్టి కోశాడు. రెండు కాయలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. "ఒరేయ్, అవి కేకులోకి రా, పబ్లిక్ పరీక్షకి కాదు" అంది దానమ్మ గడపలో కూర్చుని.

అతని బెంగ మాత్రం ముక్కల గురించి కాదు, చీమల గురించి.

తీపి ఆరబెడితే చీమలు ఎక్కడైనా వస్తాయి. రేపల్లె వైపు చీమలు మాత్రం వచ్చి తినవు. ఒక్కో ముక్కనీ నాలుగైదు కలిసి ఎత్తుకుని, పాకం తిప్పేటప్పుడు ఆ మనిషి మనసు ఎక్కడుందో అక్కడికి మోసుకెళ్ళి దించుతాయి. దానమ్మ తిప్పిన ముక్కలు ఏటా నాలుగైదు గుప్పెళ్ళు చర్చిలో హార్మోనియం మీదికి చేరేవి. పాస్టరుగారు వాటిని ఏరి జేబులో వేసుకున్నాకే హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టేవారు. పక్కింటావిడ, పేరంటాలని, ఆవిడ కూడా దానమ్మ దగ్గర నేర్చుకుని ఉగాదికి చేసేది. ఆవిడవి భర్త బ్రహ్మయ్య పడక్కుర్చీలోకి వెళ్ళేవి. ఒక్క ఏడాది మాత్రం గేటు దాటి, బస్సెక్కి, పొన్నూరులో ఆవిడ పుట్టింటికి వెళ్ళాయి. ఆ ఏడాది నుంచీ బ్రహ్మయ్య భోజనం దగ్గర భార్యతో నాలుగు మాటలు మాట్లాడటం మొదలెట్టాడు.

దేవదానం మనసు బాపట్లలో ఉంది. అక్కడ ప్రమీల ఉంది.

ప్రమీల రెండేళ్ళు అతని స్కూల్లోనే సైన్సు టీచరుగా చేసింది. ఆ రెండేళ్ళలో అతను ఆమెతో మాట్లాడింది సుద్దముక్కల గురించీ, హాజరుపట్టీ గురించీ. జూన్‌లో ఆమెకి సొంతూరు బాపట్లకి బదిలీ అయింది. వెళ్ళే రోజున చెప్పాలని ఒక వాక్యం తయారు చేసుకుని, నాలుగుసార్లు మనసులో దిద్దుకుని, తీరా ఎదురుపడ్డాక రేపల్లె నుంచి బాపట్లకి ఏయే బస్సులున్నాయో చెప్పి వచ్చాడు. ఇప్పుడు ఆమె అన్న దావీదు పొన్నూరులో ఎవరో ఆఫీసరు సంబంధం చూశాడట. ప్రమీల ఔననలేదు, కాదనలేదు. క్రిస్మస్ ముందు ఆదివారం ఆరాధన కాగానే దావీదు పొన్నూరు వెళ్ళి మాటిచ్చి వస్తాడని చర్చిలో అనుకోగా విన్నాడు.

ఇలాంటి సమయంలో రంగురంగుల ముక్కలు బారులు తీరి రేపల్లె నుంచి ఆమె గుమ్మం దాకా వెళితే ఇంకేమైనా ఉందా? ముప్పై ఎనిమిదేళ్ళ లెక్కల మాస్టారు మనసు మూడూళ్ళ జనం నిలబడి చూస్తారు. అందుకని ఒక ఉపాయం పన్నాడు. పాకం తిప్పినంతసేపూ ఆమెని తలుచుకోకపోతే సరి.

ఎర్రముక్కలు తిప్పేటప్పుడు పంతం పట్టి హెడ్మాస్టరు నరసింహారావుగారిని తలుచుకున్నాడు. ఆయన బట్టతల, ఆయన సైకిలు, ఆయన దగ్గు, ఏదీ వదల్లేదు. పసుపు ముక్కలకి పద్దెనిమిదో ఎక్కం పెట్టుకున్నాడు. పచ్చముక్కల దగ్గరికొచ్చేసరికి చెయ్యి లాగింది, ఎక్కాలూ అయిపోయాయి. పాకం ఘుమఘుమలాడుతోంది. స్టాఫ్ రూములో ఎవరేం తెచ్చినా ఆమె ముందు వాసన చూసి, కళ్ళు మూసుకుని, "బెల్లం కొత్తదండి" అనో "నెయ్యి ఇంటిదే" అనో చెప్పడం గుర్తొచ్చింది. ఆ పాకం వాసన చూస్తే ఏమనేదో అనుకుంటూ ఉండగానే తీగ వచ్చేసింది.

శనివారం చీమలొచ్చాయి. ఎర్రముక్కలు తిన్నగా హెడ్మాస్టరుగారి వీధరుగు మీదికి వెళ్ళాయి. సాయంత్రానికి ఆయనే వచ్చి, కళ్ళు తుడుచుకుని, "నా మీద ఇంత అభిమానం పెట్టుకుని పైకి ఒక్క మాటైనా అనలేదేమండీ" అన్నారు. దేవదానం కాదనలేకపోయాడు. ఆ అభిమానానికి బదులుగా వార్షికోత్సవం పనంతా ఆయన దేవదానానికే అప్పగించారు. పసుపు ముక్కల్ని చీమలు మంచం మీదే వరసకి పద్దెనిమిది చొప్పున పేర్చి పోయాయి.

ఆదివారం పొద్దున్నే పచ్చముక్కలు కదిలాయి. గేటు దాటి కుడివైపుకి తిరిగాయి. కుడివైపున ఉన్నది రైల్వే స్టేషను.

"చర్చికి ఎడమవైపు కదరా వెళ్ళాలి" అంది దానమ్మ, తమ్ముడు గొడుగు పట్టుకుని కుడివైపుకి పరిగెడుతుంటే. అని, వాకిలి ఊడ్చేవాళ్ళని ఆ పక్క ఊడ్చొద్దని చెప్పి లోపలికెళ్ళింది.

తెనాలి పాసింజరులో కిటికీ చట్రం మీద చీమలు వరసగా కూర్చున్నాయి. దేవదానం రుమాలు తీసి దారికి అడ్డంగా పరిచాడు, అన్నిటినీ అందులోకి దులిపి ఇంటికి పట్టుకుపోదామని. చీమలు రుమాలెక్కి, దిగి, ముందుకి జరిగాయి. ఎదురుగా కూర్చున్న చేపల గంగరత్నం ఎండుచేపల బుట్టని బాపట్ల సంతకి తీసుకెళ్తోంది. చేపల వాసన తీపికి పట్టకుండా బుట్టని అవతలికి నెట్టి, చీమలకి చోటిచ్చింది.

"ఎవరింటికండి మాస్టారూ?"

"నాకేం తెలుసమ్మా."

"గరిటె తిప్పింది మీరు కాదేంటి?"

"నేనే."

"మరి మీకు తెలీకపోతే ఈ చీమలకెట్టా తెలుసు?" అని మళ్ళీ అడిగింది. "వాటిని ఆపటానికొచ్చారా బాబూ, దిగబెట్టటానికొచ్చారా?"

దేవదానం రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెనాలిలో చీమలు వంతెనెక్కి ప్లాట్‌ఫారం మారాయి. కూలీలు పెట్టెలు దించి దారిచ్చారు. అతనూ మారాడు, బుట్ట నెత్తిన పెట్టుకుని గంగరత్నమూ మారింది. రెండో రైలు నిడుబ్రోలు దాటింది, అప్పికట్ల దాటింది. ఎన్నో ఏళ్ళుగా పిల్లల చేత జవాబులు చెప్పించిన మనిషి, ఒక చేపలామె వేసిన ప్రశ్నకి బాపట్ల దాకా తెల్లమొహం వేసుకుని కూర్చున్నాడు.

బాపట్ల స్టేషను నుంచి ప్రమీల ఇంటికి పది నిమిషాల నడక. చీమలకి రెండు గంటలు. ఎండ ముక్కల మీద పడితే పంచదార కరుగుతుందని గొడుగు వాటి మీద పట్టి, ఒక్కో అడుగూ వేస్తూ వెళ్ళాడు. రిక్షాలు పక్కకి తప్పుకున్నాయి. దారిలో ఎవరో "పెళ్ళికొడుకాండి?" అని మర్యాదగా అడిగారు. అతను ఔననలేదు. ఆశ్చర్యం ఏమిటంటే కాదనీ అనలేదు. గొడుగు ముయ్యాలనీ, వచ్చిన రైలుకే తిరిగి పోవాలనీ అనిపించినప్పుడల్లా చీమలు ఇంకో గజం నడిచి ఉండేవి. అతని కాళ్ళూ నడిచి ఉండేవి.

అతనూ చీమలూ చేరేసరికి ఆ ఇంట్లో అందరూ చర్చి నుంచి వచ్చేశారు. దావీదు చేతిసంచీ పట్టుకుని పొన్నూరు బస్సుకి బయల్దేరబోతున్నాడు. గేటు కింద నుంచి పచ్చముక్కలు రావటం చూశాడు. వాటి వెనక గొడుగునీ, గొడుగు కింద మాస్టారినీ చూశాడు. అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పటం మొదలెట్టాడు.

ప్రమీల గుమ్మంలోకొచ్చింది. చీమలు మెట్లెక్కి మొదటి ముక్కని ఆమె కాలి దగ్గర దించాయి. తర్వాత రెండోది, మూడోది. ఆమె మెట్టు మీద కూర్చుని అరచెయ్యి చాపింది. చీమలకి అది ఇంకా దగ్గరదారి.

"ఇవి మీరు తిప్పినవేనా మాస్టారూ?"

"అవునండి. స్కేలు పెట్టి కోశానండి."

"కోత గురించి కాదండి అడిగింది."

దారిపొడుగునా ఒక వాక్యం తయారు చేసుకున్నాడు, ఇవి పొరపాటున వచ్చాయని చెప్పటానికి. అదే చెబుదామని నోరు తెరిచాడు.

"పొరపాటు..." అన్నాడు. "పొరపాటు నాదేనండి. జూన్‌లోనే రావలసింది."

ప్రమీల అరచేతిలోంచి ఒక ముక్క తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. తాపీగా నమిలింది. దేవదానానికి అంత పొడుగాటి నమలడం ఎప్పుడూ చూసిన గుర్తు లేదు.

"అన్నయ్యా, పొన్నూరు వాళ్ళకి ఉత్తరం రాస్తే సరిపోదూ? ఇంత ఎండలో బస్సెందుకు" అంది.

"రాసేది నేనా, నువ్వా?"

"నేనే రాస్తాను. ముందు మాస్టారికి అన్నం పెట్టనీ. పాపం నడిచొచ్చారు."

మే నెలలో పెళ్ళయింది. పెళ్ళయ్యాక ప్రమీల మళ్ళీ రేపల్లె స్కూలుకే బదిలీ చేయించుకుంది. డిసెంబరు వచ్చింది, బొప్పాయి కాయలు దిగాయి. దానమ్మ చెయ్యి ఎప్పుడో అతుక్కుంది గానీ ఆవిడ గరిటె అడగలేదు. ఒకరు అలిసిపోతే ఒకరు, మూడు గిన్నెలూ మొగుడూ పెళ్ళాలే తిప్పారు. పాకం పల్చనైందని ఆమె, కాదు ముదిరిందని అతను, రెండు గిన్నెలు వాదించుకోవటంతోనే గడిచాయి.

ఆరబెట్టిన రోజున చీమలొచ్చాయి. పని మీదొచ్చిన వాళ్ళలా ముక్కల్ని ఎత్తుకున్నాయి. గేటు దాకా వెళ్ళి ఆగాయి. వెనక్కొచ్చాయి. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంకెక్కడికీ పోవటానికి లేదని తేల్చుకుని, ముక్కల్ని అక్కడే దించాయి. దించి, పుట్టాక మొదటిసారి, తినటం మొదలెట్టాయి.

దానమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"కేకులోకి ఇంకేం మిగలదు గానీ, వెళ్ళి ఇంకో రెండు కాయలు కోసుకురండర్రా" అంది.