వాన చెప్పే చీలమండ

నరసింహప్ప కాలు విరిగింది మోకాలి కింద. నొప్పి మాత్రం చీలమండలో. ఇది ఊళ్లో ఒక్కరికీ వింతగా తోచకపోవడం చూస్తే అతని పెళ్లాం మల్లీశ్వరికి ఒళ్లు మండేది.

ఏళ్ల కిందట గొర్రెలకు తుమ్మకొమ్మ నరకబోయి చెట్టు మీద నుంచి పడ్డాడు. నాటువైద్యుడు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది, మనిషి మళ్లీ గొర్రెల వెంట నడిచాడు. పోయిన ఏడాది ఉన్నట్టుండి చీలమండ సలపడం మొదలైంది. అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక బాగానే అతికింది, ఈ నొప్పి ఎందుకో దీన్నిబట్టి చెప్పలేను, స్కానింగు తీయించాలి, మళ్లీ రండి అన్నాడు.

తిరిగొచ్చిన సాయంత్రమే వాన దంచికొట్టింది. అంతే, నరసింహప్ప కాలికి వాన ముందే తెలుస్తుందని ఊరు తీర్మానించేసింది. ఆ తర్వాత నొప్పి వచ్చీ వాన రాని రోజులను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆపాటి బుద్ధే ఉంటే ఊరి పెద్దమనుషులు మల్లీశ్వరి ఇంటి అరుగు మీద చేరి ఒక కాలి వంక గుడ్లప్పగించి ఎందుకు చూస్తారు?

జన్మలో ఎవరూ సలహా అడగని మనిషి నరసింహప్ప. ఈ నడిమంత్రపు పెద్దరికం అతని తలకెక్కింది. తవుడు బస్తా మీద కాలు చాపి, కళ్లు సగం మూసి, "తూరుపు పక్క సలుపుతాండాది" అని సెలవిచ్చేవాడు. గొర్రెల వెంట మల్లీశ్వరి తిరిగేది. చీలమండ చుట్టూ వాపు తేలుతోంది, స్కానింగుకు పోదాం పదమంటే కదలడు.

"నయమైపోతే వాన సంగతి ఎవురు జెప్పేది వదినా?" అన్నాడు వరసకు మరిదయ్యే ఈశ్వరప్ప, సిగ్గూ ఎగ్గూ లేకుండా. మొగుడు అవునన్నట్టు తలూపాడు.

"రేపు కాలు పడిపోతే ఈయప్పను నువ్వు మోస్తావా?" అంది మల్లీశ్వరి. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఈ ఏడు జూలైలో నొప్పి గట్టిగా పట్టింది. రెండు రోజుల్లో వాన అన్నాడు నరసింహప్ప. వాన పడ్డాక విత్తుదామంటే నేల పదును ఆరిపోతుందని ఊరంతా పొడిదుక్కిలోనే వేరుశనగ విత్తేసింది. మబ్బు వచ్చింది, గాలి దాన్ని కర్ణాటక వైపు తోసుకుపోయింది. విత్తనాలు చీమల పాలయ్యాయి.

అప్పుడు అదే అరుగు మీద చేరి దొంగనొప్పి అన్నారు. "పని తప్పిచ్చుకునేకి నాటకమాడినాడు," అన్నాడు ఈశ్వరప్ప. కాలిని చూసి వాన వస్తుందని నమ్మిన పెద్దలకు, కాలు నొస్తుందని నమ్మడం కష్టమైంది.

నరసింహప్ప రోషానికి పోయాడు. మర్నాడు కుంటకుండా, పళ్లు బిగబట్టి, ఊరి మధ్య నుంచే గొర్రెలను తోలుకెళ్లాడు. మధ్యాహ్నం సంగటి తీసుకెళ్లిన మల్లీశ్వరికి గుట్ట కింద బండ మీద ఏడుస్తూ కనబడ్డాడు. కాలు చెప్పు పట్టనంతగా వాచిపోయింది.

"నిజ్జంగా నొస్తాండాది మల్లీ. నువ్వన్నా నమ్ముతావా?"

ఆమెకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. "మొదట్నుంచీ నమ్మింది నేనొక్కదాన్నే గదప్పా! నీకు వాళ్ల పొగడ్త తియ్యగుండె."

మర్నాడు పొద్దున్నే గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పగించి మొగుణ్ణి బస్సు దగ్గరికి నడిపించుకొచ్చింది. పైన కాస్త మబ్బు పట్టింది. టీ అంగడి దగ్గర కూర్చున్న ఈశ్వరప్ప ఆ కుంటడం చూశాడు, మబ్బు చూశాడు, గ్లాసు పెట్టేసి పరుగున వచ్చాడు.

"అన్నా, నొప్పి పుట్టిందా ఏమి? మిగిలిన ఇత్తనం ఏసేద్దామా?"

నరసింహప్ప ఆగాడు. వెన్ను నిటారైంది. కళ్లు సగం మూసి నోరు తెరవబోయాడు.

"వాన గావాలంటే నీ కాలు ఇరగ్గొట్టుకో ఈశ్వరప్పా. ఇది నా మొగుని కాలు," అని మల్లీశ్వరి మొగుడి రెక్క పట్టి బస్సులోకి ఎక్కించింది.

బస్సు కదిలాక నరసింహప్ప కిటికీలోంచి మబ్బు చూసి మెల్లగా గొణిగాడు. "తూరుపు పక్కే సలుపుతాండాది మల్లీ."

"ఆ మాట డాక్టరుతో జెప్పు," అంది.